బోణీ ఫైలు

మే 5, సోమవారం

మళ్ళీ పోయింది. శనివారం చక్కగా కుదిరిన అంచు, ఈరోజు ఫైలు తెరవగానే ఎర్రగా మెరిసి మాయం. "ఆపరేషన్ ఫెయిల్డ్" – ఆ ఒక్క ముక్కే. ఎందుకు ఫెయిలయిందో చెప్పే మర్యాద లేదు ఈ కంప్యూటరుకి.

అంచు గుండ్రం చేయడమే కదా. బోటు లోపల ఐసు పెట్టె గోడ అడుగుని తాకే చోట, కోణం లేకుండా ఒక వంపు. ఫిల్లెట్ అని నొక్కితే రావాలి. ఒకసారి వస్తుంది, ఇంకోసారి రాదు. అసలే రాకపోతే ఆ దారి వదిలేసేదాన్ని. అప్పుడప్పుడూ వచ్చి ఆశ పెడుతోంది.

వంపు లేకపోతే వల చిక్కుకుంటుంది. చిక్కుకుంటే చిరుగుతుంది. నాన్న పాత బోటులో అంచులకి గోనెసంచి చుట్టి మేకులు కొట్టేవాడు, ఆ మేకులకే వల చిరిగేది. ఇన్నేళ్ళూ నేను గీసినవి భోగాపురం చుట్టుపక్కల ప్లాట్లు. గళ్ళు, రోడ్లు, పార్కు అని పేరు పెట్టిన ఒక ముక్క. నీళ్ళమీద తేలేది నా చేతికి రావడం ఇదే మొదలు.

పక్క టేబుల్ దగ్గర హారిక కూనిరాగం తీస్తోంది. అదే బోటుకి బయటి పొట్ట ఆమె గీస్తోంది. అది ఒక్కసారి కూడా విరగలేదు.

మే 6

హారిక గురించి ఇక్కడ ఎక్కువ రాయకూడదనుకున్నాను. రాయకపోతే ఈ కుళ్ళు ఎక్కడ పారబోయను?

ఇంట్లో తోడికోడలు. ఆఫీసులో పక్క టేబుల్. పోనీ దారిలోనైనా ఊపిరి తీసుకుందామంటే ఒకే స్కూటీ. బండి ఆమెది, నడిపేది ఆమె. వెనక నేను, రెండు టిఫిన్ క్యారేజీలు ఒళ్ళో పెట్టుకుని. గతుకు వచ్చినప్పుడల్లా "అక్కా, గట్టిగా పట్టుకో" అంటుంది. ఆ ప్రేమకి ఒళ్ళు మండుతుంది.

ఉద్యోగం ఇప్పించింది నేనే. మరిది పని రాయగడలో, వారానికోసారి వస్తాడు. కొత్త పెళ్ళికూతురు ఇంట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే నాకు జాలేసింది. మా ఆఫీసు యజమాని మూర్తి గారితో చెప్పాను. "మా చెల్లి లాంటిదండీ, బాగా చదువుకుంది" అన్నాను. ఎవరడిగారు నన్ను?

మే 7

మూర్తి గారు ఇద్దర్నీ పిలిచారు. పొట్ట హారికకి, లోపలి భాగం నాకు – ఆ పంపకం ఎప్పుడో అయింది. ఈరోజు చెప్పింది కొత్త సంగతి.

"బోట్లు కట్టే యార్డోళ్ళు ఇది నచ్చితే ఇంకా బోట్లు ఇస్తామంటన్నారు. అప్పుడు త్రీడీ పనికి ఒకళ్ళని పూర్తిగా పెట్టీస్తాను. రెండోవాళ్ళు ప్లాట్లు సూసుకోవాల."

ఆ మాట అంటూ ఆయన చూసింది హారిక తెర వైపు.

అంటే నేను మళ్ళీ గళ్ళు గీసుకోవాలి. సముద్రం పక్కన పుట్టిన నాకు ప్లాట్లు, నెల్లిమర్ల పొలాల్లోంచి వచ్చిన ఆమెకి బోట్లు. బాగుంది న్యాయం.

మే 8

మధ్యాహ్నం కోపం వచ్చి మొత్తం చెరిపేశాను. మళ్ళీ మొదటినుంచి. బోణీ ఫైలు తెరిచి, సేవ్ యాజ్ కొట్టి.

మా ఆఫీసులో ఏ పనైనా అలాగే పుట్టాలి. మూర్తి గారి మొట్టమొదటి లేఅవుటు, విమానాశ్రయం మాట కొత్తగా వినపడ్డప్పుడు గీసింది. ఆ ఫైలుని పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని రామతీర్థం తీసుకెళ్ళి, పంతులు గారిని బతిమాలి, స్వామి ముందు పళ్ళెంలో పెట్టించారట. కొబ్బరిచెక్క, అరటిపళ్ళు, పక్కన పెన్ డ్రైవ్. ఆ లేఅవుటు ప్లాట్లన్నీ చకచకా అమ్ముడుపోయాయి. అప్పటినుంచి అది బోణీ ఫైలు. అందులోని ప్లాట్లు చెరిపేసి, ఆఫీసు పేరున్న చట్రం మాత్రం ఉంచి, కొత్త పని దాని పక్కన గీస్తాం. ఖాళీగా కొత్త ఫైలు మొదలుపెట్టే బటన్ మా దగ్గర ఎవరూ నొక్కరు. నొక్కితే ఆయనకి ఆ రోజంతా మనసు బాగోదు.

హారికకి ఇది తెలియదు. ఆమె చేరిన రోజు మూర్తి గారు ఎవరో పోయారని సాలూరు వెళ్ళారు. చెప్పాల్సింది నేను. చెప్పలేదు. హాయిగా కొత్త ఫైలు నొక్కేసింది. ఎప్పుడో ఒకప్పుడు ఆయన కంట పడుతుంది, నాలుగు చీవాట్లు తింటుంది అని అప్పటినుంచీ కాచుకుని కూర్చున్నాను.

ఆయన కంట ఇంకా పడలేదు. ఏం చూస్తారో మరి రోజంతా.

మే 10, శనివారం

నాన్న వచ్చాడు. వేట నిషేధం కదా, బోట్లన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి, కాలు ఒకచోట నిలవదు ఆయనకి. సంచినిండా ఎండు నెత్తళ్ళు.

"నూకమ్మా, బోటు ఎంతవరకు వచ్చినాది? రేవులో అందరికీ సెప్పీసినాను. ఫైబరు బోటు కొత్తది వస్తాది, మా నూకమ్మే గీస్తన్నాది అని. ఇప్పుడు అందరూ నూకమ్మ బోటనే అంటన్నారు."

"నేనొక్కదాన్నే కాదు నాన్నా, ఇద్దరం..."

"ఆ, ఉంటారులే పక్కన ఎవరో."

పక్కన ఎవరో అప్పుడే మజ్జిగ గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చింది. "తాగండి మావా, ఎండలో వచ్చారు." నాన్న కరిగిపోయాడు. వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, ఆమె తల మీద కూడా పెట్టాడు. నా నాన్న కదా. ఆ చెయ్యి కూడా పంచుకోవాలా?

అత్త నెత్తళ్ళ సంచిని రెండు వేళ్ళతో పట్టుకుని పెరట్లో పెట్టింది. నాది ప్రేమ పెళ్ళి, హారికది అత్త ఏరి తెచ్చుకున్న సంబంధం. ఆ తేడా రెండు వేళ్ళంత.

మే 12

హారిక చెప్పిన చిట్కాలు, నేను అడక్కుండానే చెప్పినవి:

"పెద్ద వంపులు ముందు సెయ్యి అక్కా, సిన్నవి తర్వాత. సిన్నవి ముందు సేసీస్తే పెద్దదానికి సోటుండదు."

"రెండు గోడలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి ఆనితే దానికి ఏది లోపలో ఏది బయటో తెలీదు అక్కా. ఒకదాన్ని కాస్త లోపలికి తోసి అప్పుడు కలుపు."

ఊ, ఊ అన్నాను. నాకు తెలిసినదే అన్నట్టు. ఆమె టీకి కిందకి దిగగానే రెండూ చేసి చూశాను. పెద్దవి ముందు చేశాను, పోయింది. గోడ లోపలికి తోశాను, కలిసింది, సేవ్ చేసి తెరిస్తే విడిపోయింది.

చెప్పిన చిట్కాలు మంచివే. ఆమె చేతిలో పనిచేస్తాయి, నా చేతిలో పనిచేయవు. అది ఇంకా ఘోరం.

మే 13

ఈరోజు ఐసు పెట్టె అడుగే లేకుండా పోయింది. తెర మీద గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి, వరదొచ్చి పోయిన ఇల్లులా.

మే 14

ఈయనతో చెప్పుకున్నాను. అన్నం తింటూ విన్నారు, పప్పు కలుపుకుంటూ.

"నీ కంప్యూటరు పాతదేమో."

"రెండూ ఒకే రోజు కొన్నవి."

"అయితే ఏటంటావు? ఆ పిల్ల మంత్రం వేసిందంటావా?"

"నేనేమీ అనలేదు."

"అనక్కర్లేదులే. మొకం సూస్తే తెలస్తన్నాది." నవ్వారు. "ఒసే, తెచ్చి పెట్టింది నువ్వే, ఏడ్సేది నువ్వే."

మనిషన్నాక మొగుడితోనైనా కుళ్ళు చెప్పుకోకూడదు. కాగితమే నయం, నవ్వదు.

నిజమే. ఏడుపే ఇది. హారిక జడలో పెన్సిలు గుచ్చుకుంటే ఏడుపు. ఆమె పొందూరు చీర కడితే ఏడుపు. మూర్తి గారు "అమ్మా హారికా" అని సాగదీస్తే ఏడుపు. నన్ను "రత్నం" అంటారు, హాజరు పిలిచినట్టు; నూకమ్మ అనేది నాన్న ఒక్కడే.

మే 16

ఒక పని చేశాను. హారిక ముందే వెళ్ళిపోయింది, అత్తని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని. ఆమె కుర్చీలో కూర్చున్నాను. ఆమె ఫైలు తెరిచాను.

పొట్ట అందంగా ఉంది. ముక్కు దగ్గర పైకి లేచే వంపు, అల తగిలితే పక్కకి విరిగేలా. నాకు చేతనవుతుందా అది? అవును, కాదు... ఏమో.

మహిమ ఏమిటో చూద్దామని ఆమె ఫైలులోనే ఒక మూల నా ఐసు పెట్టె గీశాను. నా చేతులతోనే. నేను రోజూ వేసే అడుగులే, నేను రోజూ చేసే తప్పులతో సహా. వంపు నొక్కాను.

వచ్చింది.

మళ్ళీ చెరిపి, మళ్ళీ గీసి, మళ్ళీ నొక్కాను. వచ్చింది. గోడలు కలిశాయి. మూసి తెరిచినా విడిపోలేదు.

గీసినదంతా తుడిచేసి, కుర్చీ ఆమె ఉంచినట్టే ఉంచి వచ్చేశాను. చెయ్యి నాదే. కంప్యూటర్లు రెండూ ఒకే రోజు కొన్నవే. ఫైలులోనే ఏదో ఉంది.

మే 17, శనివారం

దొరికింది!

నా ఫైలు తెరిచి, మొత్తం కనపడేలా దూరం జరిపాను. అనుకోకుండా చేశాను. బోటు చుక్క అయిపోయింది. చుక్క కూడా కనపడలేదు. తెరకి ఆ చివర ఎక్కడో కొలతలు మొదలయ్యే సున్నా గుర్తు, ఈ చివర నా బోటు. మధ్యలో అంతా ఖాళీ.

కింద మూలలో కనిపించే అంకెలు – కర్సర్ ఎక్కడుందో చెప్పేవి – నా ఫైలులో చేంతాడంత. హారిక ఫైలులో చిన్నవి, ఒకటీ రెండూ మూడూ అని బుద్ధిగా.

బోణీ ఫైలు సర్వే కొలతలతో పుట్టింది. భూమి మీద ఆ పొలం నిజంగా ఎక్కడుందో ఆ పెద్ద అంకెలు అందులో అలాగే ఉన్నాయి. ప్లాట్లకి పర్వాలేదు. గీతలే కదా, వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా ఎవడికీ తెలియదు. బోటుకి అలా కాదు. కంప్యూటరు ప్రతి చోటునీ సున్నా నుంచే కొలుస్తుంది. బోటు ఎంత దూరాన ఉందో చెప్పడానికే దాని అంకెలన్నీ ఖర్చయిపోతే, ఇక అంచులోని సన్నని తేడా చెప్పడానికి ఏమీ మిగలదు. శ్రీకాకుళంలో టేపు కొస పట్టుకుని విజయనగరంలో జాకెట్టు కొలిచినట్టు. ఒకసారి సరిపోతుంది, ఒకసారి కుట్టు విడిపోతుంది.

ఇన్నేళ్ళూ ఆ పెద్ద అంకెలే చూశాను. అంకెలంటే అలాగే ఉంటాయనుకున్నాను.

లేచి గంతేయాలనిపించింది. హారిక తలెత్తి, "ఏటక్కా, వచ్చిందా?" అంది.

"ఏదీ... లేదు. దోమ."

మే 18, ఆదివారం

పొద్దున్న ఇడ్లీపిండి గరిటెతో వేస్తుంటే తట్టింది. గరిటె అలాగే ఆగిపోయింది.

బోణీ ఫైలు సంగతి హారికకి నేను చెప్పి ఉంటే, ఆమె పొట్ట కూడా నా పెట్టెలాగే రోజూ విరిగేది. ఆమెకి చీవాట్లు తగలాలని నేను దాచిన ముక్కే ఆమెని కాపాడింది. ఆమె మంత్రం నేనే.

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. పిండి పొయ్యి మీద కారింది, అత్త తిట్టింది.

మే 19

పాత బోటునే సున్నా దగ్గరికి జరిపి చూశాను. కొన్ని అంచులు నిలిచాయి, కొన్ని నిలవలేదు. దూరాన పుట్టిన వంకర, దగ్గరికి తెచ్చినా పోవడం లేదు. మళ్ళీ మొదటినుంచి గీయాలి.

కొత్త ఫైలు బటన్ నొక్కాను. చుట్టూ చూసి నొక్కాను, దొంగలాగా.

మే 21

అయింది. ఐసు పెట్టె, ఇంజను గూడు, వల కుప్పపోసే తొట్టి. అన్నిటికీ వంపులే. వేలితో రాస్తే ఎక్కడా ఆగదు. తెర మీద వేలు పెట్టి నిజంగానే రాశాను.

రేపు మూర్తి గారికి చెబుతాను, అందరి ముందు. బోణీ ఫైలు లోపమని కాదు, ఆయన మనసు కష్టపెట్టకుండా... ఎలాగో చెబుతాను. కనిపెట్టింది నేను. హారికకి తెలియకుండానే హారిక సరిగ్గా చేసింది. నేను తెలిసి చేశాను. తేడా లేదా?

మే 22

నోటిదాకా వచ్చింది. మింగేశాను.

పొద్దున్నే మూర్తి గారు హారిక టేబుల్ దగ్గర నిలబడి ఉన్నారు. ఆఫీసు పేరున్న చట్రం లేదని ఇన్నాళ్ళకి కంట పడింది. నేను కాచుకుని కూర్చున్న రోజు ఇదే కదా, ఫైలు మూసేసి చెవులు అటే పెట్టాను.

"ఇది బోణీ ఫైల్లో లేదేటమ్మా?"

"అదేటండీ సార్?"

చీవాట్లు లేవు! పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని రామతీర్థం కథంతా చెప్పారు, పంతులు గారితో సహా. "తెలీదుగా పాపం. ఏం పర్లేదమ్మా. ఆఖర్లో బోణీ ఫైల్లోకి తెచ్చీసి, సట్రం పక్కన పెట్టి, అక్కడే రెండూ కలిపీ. అక్కడినుంచే విశాఖ పంపుదాం. కలిపే పని నువ్వే సెయ్యమ్మా. నీ సెయ్యి మంచిది."

నా వైపు తిరిగి, "రత్నం, నీ ముక్క ఇచ్చీ."

చెయ్యి మంచిది! ఆ మాటతో నాలోపల ఏదో గడియ పడింది. విశాఖలో మిషను మా ఫైలు చూసి నమూనా చెక్కుతుంది, దాని మీద అచ్చు, అచ్చులోంచి బోట్లు. ఫైలులో సన్నని సందున్నా మిషను తీసుకోదు. బోణీ ఫైలులో కలిపితే సందు రాకుండా ఉండదు. నాకు తెలుసు. ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు.

నా ముక్క ఇచ్చాను. శుభ్రమైనదే ఇచ్చాను. ఒక్క మాట మాత్రం దానితో ఇవ్వలేదు.

మే 23

ఎర్రగా మెరిసింది. హారిక తెర మీద.

"అక్కా, ఇదేటిది? నీదీ బాగున్నాది, నాదీ బాగున్నాది. కలిపితే విరిగిపోతన్నాది."

"పెద్ద వంపులు ముందు చేసి చూడు" అన్నాను.

ఆమె మాటే ఆమెకి. ఎంత తియ్యగా ఉందో రాయకపోతే అబద్ధమవుతుంది.

ఆమె భోజనానికి వెళ్ళినప్పుడు, ఊరికే చూద్దామని, నా కొత్త ఫైలులోకి ఆమె పొట్ట తెచ్చుకుని నేను కలిపాను. సున్నా దగ్గర. ఒక్క నొక్కుకి కలిసిపోయింది. పొట్ట, పెట్టె, తొట్టి, అంతా ఒకే ఒంటితో. ఎన్నిసార్లు మూసి తెరిచినా అలాగే ఉంది.

బోటు నా దగ్గర ఉంది. పూర్తిగా.

మే 24, శనివారం

హారిక కూనిరాగం ఆగిపోయింది. పెన్సిలు జడలోంచి జారి కింద పడినా తీసుకోలేదు.

మూర్తి గారు వాస్తు అనుమానించి ఆమె టేబుల్ తూర్పు ముఖంగా తిప్పించారు. టేబుల్ కాలు ప్లగ్గు తీగ మీద పడి కరెంటు పోయింది. ఇంకోరోజైతే పడి పడి నవ్వేదాన్ని.

"సోమవారం మధ్యాహ్నంలోపు విశాఖ పంపాలమ్మా. లేకపోతే మిషను ఇంకోళ్ళకి ఇచ్చీస్తారు" అన్నారు. కాసేపు గడ్డం గోక్కుని, "అప్పటికీ అవకపోతే... రత్నం, నువ్వు సూద్దువు గానీ."

నేనేమీ చేయనక్కర్లేదు. సోమవారం మధ్యాహ్నం దాకా నోరు మూసుకుంటే చాలు.

సాయంత్రం హారిక అన్నం ముట్టలేదు. అత్త కంగారు పడింది. "మా పిల్ల మీద ఎవరి కళ్ళో పడ్డాయి. ఒసే రత్నం, ఉప్పూ మిరపకాయలూ పట్రా."

తెచ్చాను. హారికని గుమ్మంలో కూర్చోబెట్టి, అత్త గుప్పిటతో చుట్టూ తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, సూసినోళ్ళ దిష్టి..." పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడ్డది ఎవరు? నేను. నా దిష్టి నా చేతిలోని ఉప్పుతోనే తీయిస్తున్నాను.

నిప్పుల్లో వేసిన మిరపకాయలకి ఘాటు రాలేదు. దిష్టి బాగా తగిలిందని అత్త అంది. దగ్గొచ్చింది నా ఒక్కదానికే.

మే 25, ఆదివారం

నాన్న ఫోను. "రేపు మధ్యాన్నం మీ ఆఫీసుకి వస్తన్నాం, రేవోళ్ళం నలుగురం. బోటుని టీవీలో సూపిస్తావు గదా?"

"కంప్యూటర్లో నాన్నా."

"అదేలే. నూకమ్మ బోటు సూడాలని ఒకటే గోల."

చూపిస్తాను. రేపు ఆ సమయానికి నా తెర మీదే ఉంటుంది బోటు. పక్కన ఎవరూ ఉండరు.

మేడ మీద బట్టలు ఆరేస్తుంటే హారిక పైకి వచ్చింది. చీర రెండో కొస పట్టుకుంది, అడక్కుండానే. ఇద్దరం దులిపాం.

"రేపు సార్‌తో సెప్పీస్తాను అక్కా. నాకు రాదని."

బకెట్లోంచి ఇంకో చీర తీసి పిండాను.

"నా పొట్టలోనే ఏదో తప్పున్నాది. నీది బాగానే ఉన్నాది, నేను నీ ముక్క కూడా పాడు సేస్తన్నాను. ఉద్యోగం మానేస్తాను. అత్తమ్మ కూడా మానెయ్యమన్నాది."

"ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు?"

"ఏటి సేస్తాను? కూర్చుంటాను." క్లిప్పులు ఒకటొకటే పెడుతూ, "నువ్వు పక్కన ఉంటావని నేను వచ్చాను అక్కా ఆ ఆఫీసుకి. లేకపోతే నాకు ఎక్కడ ధైర్యం."

ఆమె మానేస్తుంది. స్కూటీ వెనక కూర్చోవడం ఉండదు. పక్క టేబుల్ నుంచి కూనిరాగం ఉండదు. త్రీడీ పని నాది, బోట్లన్నీ నావి. కోరుకున్నవన్నీ, అడక్కుండానే. సంతోషించాను. నిజంగా వచ్చింది సంతోషం, చీర కొస నా చేతిలో ఉండగానే. అందుకే భయమేస్తోంది.

చెబితే మాత్రం ఏమవుతుంది? ఒక్క ముక్క చాలు – బోణీ ఫైలులో వద్దు, సున్నా దగ్గర కలుపు అని. వెంటనే కలుస్తుంది. మూర్తి గారు "సెప్పానా, నీ సెయ్యి మంచిదని" అంటారు. నాన్న వచ్చి ఆమె తెర ముందు నిలబడతాడు. మళ్ళీ ఆమె తల మీద చెయ్యి పెడతాడు. నేను కనిపెట్టాను అని ఎవరికి చెప్పుకోను? ఎప్పుడు కనిపెట్టావు అని ఒక్కరు అడిగితే?

మే 26, సోమవారం – పొద్దున్న

టిఫిన్ క్యారేజీలు రెండూ సర్దాను. హారిక దాంట్లో వేపిన నెత్తళ్ళు పెట్టాను, ఆమెకి ఇష్టం. ఎందుకు పెట్టానో తెలియదు.

పెన్ డ్రైవ్ నా సంచిలో ఉంది. బోటు అందులో ఉంది.

కింద స్కూటీ స్టార్టయింది. "అక్కా, రా... ఎండెక్కిపోతన్నాది." గొంతు బొంగురుపోయింది ఆమెకి. ఏడ్చినట్టుంది.

రింగ్ రోడ్డు దాటి ఆఫీసు దాకా ఆమె వెనకే కూర్చుంటాను. నా నోటికీ ఆమె చెవికీ మధ్య జానెడు దూరం. గతుకు వస్తే అదీ ఉండదు.

హారన్ కొడుతోంది. వెళ్ళాలి...